రెండో రోజు పులుసు

పక్కింట్లో నువ్వుల నూనెలో మెంతులు వేగుతున్నాయి. ఆ వాసనకి చీరాలలో మా మగ్గం గది వెనక వంటిల్లు గుర్తొచ్చింది. చేపల పులుసుకని మీ ఇళ్లలోనూ వేరే మట్టి దాక ఉండేది కదా?

మద్రాసు రాష్ట్రం నుంచి మనం విడిపోయిన కొత్త రోజులవి. అమ్మ పుట్టిల్లు కంచి. చేపల పులుసులో చిన్న ఉల్లిపాయలు, నూరిన కొబ్బరి వేసేది.

"అరవ పులుసులో కారమేదే? ఇది పాయసం," అని వెక్కిరిస్తూనే నాయనమ్మ మూడోసారి వడ్డించుకునేది.

"కాస్త ఉంచండి అత్తయ్యా. రెండో రోజే దీని రుచి," అనేది అమ్మ.

ఎవరూ ఉంచలేదు. ఒకసారి అమ్మ చిన్న గిన్నెడు తీసి ఉట్టి మీద దాచుకుంది. పొద్దున్నే పీట వేసుకుని ఎక్కి, అది తినేసింది నేనే.

అమ్మ ఖాళీ గిన్నె చూసి, "బాగుందా?" అంది.

"నిన్నటికన్నా బాగుందమ్మా."

"చెప్పానుగా," అని గిన్నె కడిగేసింది.

అమ్మల త్యాగం అంటూ రోజూ పోస్టులు పెడుతున్నారే, ఏది త్యాగం? ఆమె మనకి వదిలిపెట్టలేదు. నోరు తెరిచి అడిగింది, ఇవ్వకపోతే దాచుకుంది. అదీ తినేసి, దానికి త్యాగమని పేరు పెట్టింది మనం.

ఇప్పుడు ఆ పులుసు వండినప్పుడల్లా ఒక గిన్నెడు తీసి ఉంచుతాను. మర్నాడు అది నేను తినలేను.