ఓటుకి కాదండీ, పనికి

తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కితే నా పక్క సీట్లో నలభై ఏళ్లావిడ కూర్చుంది. ఒళ్లో ఎన్నికల కరపత్రాలు, వాటి మీద ఫొటో ఆవిడదే. కౌన్సిలర్ పదవికి ఇండిపెండెంటుగా నిలబడిందట. మాది ఏలూరని నేనూ చెప్పాను.

"గెలిస్తే ఏం చేస్తారండీ?" అని ఊరికే అడిగాను.

"గెలవనండీ," అంది నెమ్మదిగా. "మా వార్డు ఆడవాళ్లం చాలామందిమి రొయ్యల షెడ్డుకెళ్లేవాళ్లం. అది మూసేశారు. ఎవరికి చెప్పుకున్నా వినలేదు. పోటీలో ఉంటే మీటింగులో ఒక్కసారైనా మైకిస్తారు కదా అని నామినేషన్ వేశానండీ."

"ఇచ్చారా?"

"ఇచ్చారు. నా ముందు మాట్లాడినాయన పెద్ద కంపెనీ తెస్తానన్నాడు. ఇంకొకాయన ఇంటికో ఉద్యోగం అన్నాడు. జనం ఒకటే చప్పట్లు. నేను మా షెడ్డు తెరిపిస్తే చాలన్నాను. నవ్వారండీ. నాతో రొయ్యలు ఒలిచినవాళ్లు కూడా నవ్వారు."

ఆవిడ కరపత్రాలు సర్ది సంచిలో పెట్టుకుంది. భీమడోలు వస్తుండగా నా వైపు తిరిగింది.

"ఇక్కడో షెడ్డులో మనుషుల్ని తీసుకుంటున్నారంటే అడుగుదామని వచ్చాను. దొరక్కపోతే మీ ఏలూరులో ఇంటిపనైనా చూసిపెడతారా అండీ? ఇల్లు గడవడం లేదు."

అలాగే అన్నాను. ఆవిడ ఒక కరపత్రం తీసి, ఫోన్ నంబరున్న ముక్క చింపి నా చేతిలో పెట్టింది.

"ఓటుకి కాదండీ, పనికి," అని దిగిపోయింది.

మా వీధిలో అడిగాను. తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఎవరికీ మనిషి అక్కర్లేదట. ఆ సంగతి చెబుదామని రెండుసార్లు ఆ నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను.