వైపర్లు ఆగే కాలం

మా మామయ్యగారు శ్రావణమాసంలో పోయారు. గుంటూరు ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "నాన్న లేరు" అని రెండే మాటలన్నాడు. అప్పుడు నేను వినుకొండలో మా ఇంటి షెడ్డు దగ్గర ఉన్నాను. మామయ్యగారి పాత కారు మీద కప్పిన పట్టా గాలికి లేచిపోతుంటే అంచుల మీద ఇటుకలు పెడుతున్నాను. ఫోన్ పెట్టేశాక మిగిలిన ఇటుకలు కూడా పెట్టాను. ఆ తర్వాత ఏడుపు వచ్చింది.

ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. పాఠం విన్నవాళ్లకు ఆయన ఫిజిక్సు మాస్టారు, మిగతా ఊరికి కప్ప కారు మాస్టారు. ఆ కారు ఇంగ్లండులో తయారైంది. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, ఆకుపచ్చ రంగు, కప్ప కళ్లలా పైకి తేలిన లైట్లు. గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి కొడుకు మోజుపడి తెప్పించుకుని, మోజు తీరాక వదిలించుకుంటే ఈయన ఇంటికి తెచ్చుకున్నారు. పత్తి లారీ పక్కన వెళ్తుంటే దాని చక్రానికి సమానంగా ఉండేది.

నిజం చెప్పాలంటే ఆ కారంటే నాకు ఒళ్లుమంట. పెళ్లయిన కొత్తలో టాపు తీసేసి నన్ను మిరపకల్లాల పక్కనుంచి తీసుకెళ్లారు. దారి పొడుగునా తుమ్ములే. ఇంటికొచ్చి రెండు కళ్లూ వాచిపోయి కూర్చుంటే "కారుకేం దోషం లేదమ్మా, గాలి అటునుంచి వీచింది" అన్నారు. కారుని ఒక్క మాట అననిచ్చేవారు కాదు.

మా అత్తయ్యగారికి మాత్రం ఆ కారంటే భయం. అందుకే దసరాకి ఆయుధపూజ నాడు దాన్ని వదిలేవారు కాదు. అందరూ బానెట్ మీద మూడు బొట్లు పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తారు కదా, ఈవిడ బానెట్ ఎత్తించి లోపల ఎక్కడెక్కడ ఆయన చెయ్యి పెడతారో అక్కడల్లా తడి గంధం, దాని మీద కుంకుమ అద్దేవారు. "మీ చెయ్యి పడే చోటల్లా నా బొట్టు ఉండాలండీ" అనేవారు. ఆయన బానెట్ పట్టుకుని, ఆవిడ పని అయ్యేదాకా బుద్ధిగా నిలబడేవారు.

దసరా వెళ్లగానే మా వైపు తుఫాను వానలు మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే ఆ కారు వైపర్లు ఆగిపోయేవి. ఏటా ఇదే తంతు. ఆయన షెడ్డులోకి వెళ్లి ఏదో గీకి, బిగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చేవారు. ఏమైందని అడిగితే "వయసైంది కదమ్మా దానికి" అనేవారు.

అత్తయ్యగారు పోయాక ఆయన మాట్లాడటం మానేశారు. మా ఆయన ఉద్యోగం చీమకుర్తి గ్రానైటు యూనిట్లో, ఆదివారాలు తప్ప ఇంట్లో ఉండడు. ఇంట్లో మిగిలింది మేమిద్దరం. కాఫీ ఇస్తే తాగేవారు, అన్నం పెడితే తినేవారు. ఎలా ఉందని అడిగితే తల ఊపేవారు. ఆ ఏడాదంతా కారు షెడ్డులోంచి బయటికి రాలేదు. ఈ మనిషి ఇలాగే కూర్చుని కూర్చుని పోతారేమో అని నాకు దిగులు పట్టుకుంది.

ఏడాది తిరిగాక దసరా వచ్చింది. పెద్దగా ఆలోచించకుండా గంధం గిన్నె పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. ఆయనే వచ్చి బానెట్ ఎత్తిపట్టుకున్నారు. అత్తయ్యగారు ఎక్కడెక్కడ పెట్టేవారో నాకు గుర్తే. అన్నిచోట్లా పెట్టాను.

తర్వాత ముసురు పట్టింది. నేను కారు బయటికి తీస్తే వైపర్లు కదల్లేదు. ఆయనకి అప్పటికి చూపు తగ్గింది, చేతులు వణుకుతున్నాయి. షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, "నువ్వు చూడమ్మా, నేను చెబుతా" అన్నారు. ఏడాదిలో ఆయన నాతో అన్న పెద్ద వాక్యం అదే. వైపర్లు ఆగినందుకు నాకు సంతోషం వేసింది.

"ముందు ఫ్యూజు చూడు. బాగుందా? అయితే స్విచ్ వేసి మోటారు దాకా కరెంటు వస్తోందో లేదో చూడు" అన్నారు. బల్బుకి రెండు వైర్లు కట్టిన టెస్టింగ్ ల్యాంపు నా చేతిలో పెట్టారు. ఒక వైరు కారు బాడీకి, ఒకటి మోటారు వైరుకి ఆనిస్తే బల్బు వెలిగింది.

"వస్తోంది మామయ్యగారూ. మరి తిరగదేం?"

"కరెంటు వెళ్లే దారి అందరూ చూస్తారమ్మా. తిరిగి వచ్చే దారి ఎవరూ చూడరు. మోటారు ఎర్తు చూడు."

మోటారు నుంచి వచ్చిన ఎర్తు వైరుని కారు బాడీకి బిగించే మర ఒకటుంది. ఒక విడి వైరు తీసుకుని మోటారు నుంచి బాడీలో శుభ్రంగా ఉన్న ఇంకో చోటికి పట్టుకోమన్నారు. పట్టుకోగానే వైపర్లు లేచాయి. అంటే లోపం ఆ మర దగ్గరే. వంగి చూశాను. దాని మీద నేను పెట్టిన బొట్టు ఉంది. తడి గంధం వైరు కిందికి దిగి చిలుము పట్టింది.

"ఇది నా బొట్టు వల్ల" అన్నాను.

"ఊఁ."

"అంటే అత్తయ్యగారు ఉన్నప్పుడు కూడా..."

"ఏటా నేను దాన్ని గీకి మెరిపించేవాణ్ణి. మెరుస్తోంది కదాని ఆమె మళ్లీ ఏడు సరిగ్గా దాని మీదే పెట్టేది" అన్నారు. అని నవ్వారు. ఒకసారి నూజండ్ల దారిలో కుంభవృష్టిలో వైపర్లు ఆగిపోతే, ఈయన తల బయటికి పెట్టి, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని గాజు తుడుచుకుంటూ ఇల్లు చేర్చారట. "దిగాక మీ అత్తయ్య, నా బొట్టు ఉండబట్టే గట్టెక్కాం అంది. అవునన్నాను. ఇంకేమంటాను?"

"ఆ మర మీద ముందే కాస్త గ్రీజు రాస్తే సరిపోయేది కదండీ. చిలుము పట్టేది కాదు."

"గ్రీజు రాస్తే బొట్టు నిలవదు కదమ్మా."

నేను మరని గరుకు కాగితంతో రుద్దాను. ఇక మీదట అక్కడొక్కచోట పెట్టనులెండి అంటే ఆయన ముఖం చిన్నబోయింది. "పెట్టమ్మా. పెట్టడం మీ పని, గీకడం మా పని" అన్నారు.

మరుసటేడు కావాలని అక్కడే, కాస్త ఎక్కువగానే పెట్టాను. వానలు వచ్చాయి, వైపర్లు ఆగాయి. ఎక్కడుందో ఇద్దరికీ తెలిసిన లోపాన్ని ఫ్యూజు దగ్గర మొదలుపెట్టి పొద్దంతా వెతికాం. ఆయన స్టూలు మీద కూర్చుని, నేను ఏదైనా దాటేసి ముందుకెళ్తే "ఏంది తొందర, స్విచ్ చూశావా?" అని కసురుకునేవారు. స్విచ్ దగ్గర అత్తయ్యగారి మాట వచ్చింది. మోటారు దగ్గర ఆయన చిన్నతనం వచ్చింది. ఆయన నాతో చెప్పినవన్నీ ఆ ఒక్క లోపం చుట్టూ చెప్పినవే. నా కన్నతండ్రి కూడా నాతో అంతసేపు కూర్చోలేదు.

ఈ దసరాకి మా ఇంట్లో పండగ లేదు. ఏడాది తిరిగేదాకా చెయ్యకూడదు. గంధం గిన్నె అల్మరాలోంచి తియ్యలేదు.

పండగ వెళ్లిన వారానికి వాయుగుండం పట్టింది. కదపకపోతే బ్యాటరీ దిగిపోతుందని కారు స్టార్టు చేసి వీధి గుమ్మం దాకా తెచ్చి, వానలో నిలబెట్టి, వైపర్ల స్విచ్ వేశాను. రెండూ ఒక్కసారే లేచి, ఇటూ అటూ తుడవడం మొదలుపెట్టాయి. ఎక్కడా తట్టుకోలేదు, ఆగలేదు. గాజులోంచి వీధి చివరిదాకా అంతా స్పష్టంగా కనిపిస్తోంది. స్విచ్ తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు.