మాజీ సైనికుల క్లబ్బు పేరు మారిన సంగతి

2009లో నన్ను గోదావరిఖనికి ఎస్టేట్ అధికారిగా బదిలీ చేశారు. బొగ్గు కంపెనీలో ఎస్టేట్ విభాగమంటే క్వార్టర్లు కేటాయించడం, ఖాళీ చేయించడం, కంపెనీ స్థలాలను కాపాడటం. నాకు అప్పగించిన మొదటి పని ఊరి చివర ఒక పాత కాలనీని ఖాళీ చేయించడం. పక్కనే ఓపెన్‌కాస్ట్ గని విస్తరిస్తోంది. బ్లాస్టింగ్ జరిగేచోటికి దగ్గరలో ఇళ్లు ఉండకూడదన్నది నిబంధన.

ఆ కాలనీ అంచున రేకుల షెడ్డులో మాజీ సైనికుల క్లబ్బు ఉండేది. మిలిటరీ నుంచి పింఛనుతో తిరిగొచ్చి కంపెనీలో సెక్యూరిటీ గార్డులుగా చేరినవాళ్లు దాన్ని పెట్టుకున్నారు. క్యారమ్ బోర్డు, పేపర్లు, సాయంత్రం చాయ్, పైకి కనిపించేది అంతే. కానీ కాలనీలో దానికి గౌరవం వేరే కారణంతో వచ్చింది. సభ్యుడెవరు పోయినా మిగతావాళ్లు ఇస్త్రీ బట్టలతో, టోపీలు, మెడల్స్ పెట్టుకుని వచ్చేవారు. వరుసగా నిలబడి సెల్యూట్ చేసి శవాన్ని తామే మోసేవారు. హిందువైతే శ్మశానానికి, క్రైస్తవుడైతే సమాధుల తోటకు. గని కార్మికులు దూరంగా నిలబడి చూసేవారు. వాళ్లకు అందులో సభ్యత్వం లేదు.

క్లబ్బు అధ్యక్షుడు సుబేదార్ యోహాను. ఆయన తండ్రి ఇదే గనుల్లో బొగ్గు కొట్టిన మనిషి. నోటీసు అందుకున్నాక ఆయన అడిగింది ఒక్కటే, వేరేచోట గది ఇస్తారా అని. గుర్తింపు పొందిన సంఘానికి కంపెనీ భవనం ఇవ్వవచ్చు గానీ, దానికి తగినంతమంది సభ్యులు ఉండాలని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మా క్లబ్బుల పోయేటోళ్లే ఉన్నరు సార్, కొత్తగ చేరేటోళ్లు లేరు."

రిటైరైన కార్మికులను చేర్చుకోవచ్చు కదా అన్నాను. పక్కనే ఉన్న హవల్దార్ రాజనర్సుకు అది నచ్చలేదు. బొగ్గు తవ్వినవాళ్లు సైనికులెట్లా అవుతారని అడిగాడు. మాట అక్కడితో ఆగిపోయింది.

వానలు పట్టేసరికి కాలనీ సగం ఖాళీ అయింది. ఒకరోజు మధ్యాహ్నం నేను క్లబ్బులో ఉండగా సదయ్య అనే కార్మికుడు తడుస్తూ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. గని పైకప్పు కూలకుండా దుంగలతో ఊతం పెట్టే పని చేసి రిటైరైన మల్లయ్య అతని తండ్రి. ఆ పొద్దున్నే పోయాడు.

"కాకా, మా వాడకట్టోళ్లందరు ఇండ్లు ఖాళీ చేసి పోయిండ్రు. చుట్టాలు కమాన్‌పూర్ అవతల ఉన్నరు, వాగు పొంగి రాలేకపోతున్నరు. నేను నిప్పుకుండ పట్టాలె. పాడె మొయ్యనీకి మనుషులు లేరు."

యోహాను లేచి, అందరినీ టోపీలు పెట్టుకోమన్నాడు.

రాజనర్సు అడ్డుపడ్డాడు. "మోద్దాం, అది తప్పు కాదు. టోపీలు, సెల్యూట్ ఎందుకు? అవి ఫౌజోళ్లకే."

యోహాను గొంతు పెంచలేదు. "మా నాయిన పోయినప్పుడు నేను బార్డర్ల ఉన్న. ఆయన్ను మోసింది గీ కార్మికులే. మల్లయ్య గూడ ఒక భుజం పట్టిండు. సెల్యూట్ నేను కొడ్త. తప్పైతే నా మీదనే ఉండనీ."

రాజనర్సు ఉత్త తలతోనే వచ్చి శ్మశానం దాకా పాడె మోశాడు. నేను వెనక నడిచాను. అక్కడ ఆ ముసలివాళ్లు వానలో బురదమీద వరుసగా నిలబడి చేతులు టోపీలకు ఆనించారు. సదయ్య వాళ్లకు చేతులు జోడించి చితి వైపు నడిచాడు. రాజనర్సు పక్కకు జరిగి నిలబడ్డాడు. మర్నాడు సభ్యత్వం వదులుకున్నాడు. యోహాను రెండుసార్లు ఇంటికి వెళ్లి పిలిచినా తిరిగి రాలేదు.

తర్వాత రిటైరైన కార్మికులు ఒక్కొక్కరే వచ్చి చేరారు. పేరు 'మాజీ సైనికుల, గని కార్మికుల క్లబ్బు'గా మారింది. కొత్త కాలనీలో భవనం మంజూరైంది. తెలంగాణ వచ్చిన ఏడాది యోహాను చనిపోతే, సమాధుల తోట దాకా ఆయనను మోసినవాళ్లలో ఎక్కువమంది కార్మికులే.

క్వార్టర్ల కేటాయింపు గ్రేడు, సర్వీసు ప్రకారం జరిగేది. ఎవరి పక్కన ఎవరుంటారన్నది మేం చూసేవాళ్లం కాదు, చూడాలని నిబంధన కూడా లేదు. సదయ్య వాడకట్టు వాళ్లు అలాగే తలో కాలనీకి చెదిరిపోయారు. ఆ తర్వాత గోలేటిలో ఒక కాలనీని తరలించే పని నా మీద పడింది. ఒక వాడకట్టు వాళ్లకు ఒకే వరుసలో ఇళ్లు చూపించాకే నోటీసులు ఇచ్చాను. ఆలస్యమవుతోందని పైనుంచి మందలింపు వచ్చింది. అయినా పద్ధతి మార్చలేదు. ఇల్లు ఖాళీ చేయించడానికి ఒక ఉత్తర్వు చాలు. ఇరుగుపొరుగు కుదరడానికి ఏళ్లు పడతాయి.