జాన్ బాషా, జాజి మోకాళ్లు

మా పర్చూరులో జాన్ బాషాకి ఒక్కటే జబ్బు. మోకాలు కనపడితే తడిమి చూడకుండా ఉండలేడు. దూడైనా, మేకపిల్లయినా సరే, వంగి రెండు వేళ్లతో నొక్కి, కళ్లు మూసుకుని, "ఇంకా లేత" అనో "ముదిరింది" అనో తేల్చేదాకా అక్కణ్ణుంచి కదలడు. మనుషుల్లో ఆడవాళ్ల జోలికి పోడు గానీ మగవాళ్లకి మినహాయింపు లేదు.

ఒకసారి ఇద్దరం చీరాల బస్సెక్కాం. కండక్టరు పక్కన నిలబడి టికెట్లు కొడుతుంటే ఈయన చెయ్యి చల్లగా అతని మోకాలి మీదికి పోయింది.

"గట్టిదే. ఇంకో పదేళ్లు నిలబడి ఉద్యోగం చెయ్యొచ్చు నువ్వు" అన్నాడు.

కండక్టరు కాసేపు చూసి, "ముందు టికెట్ తీసుకోండి పెద్దాయనా" అన్నాడు.

నాది టెంటు హౌసు. పెళ్లి ఊరేగింపుకి గుర్రం కావాలని ఎవరొచ్చినా నేను పంపేది బాషా ఇంటికే. వాళ్ల తాత నాటినుంచీ అదే వృత్తి. ముసలి గుర్రం పళ్లూడి పనిలోంచి తప్పుకున్నాక, ఏడాది వయసున్న తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చి జాజి అని పేరు పెట్టుకున్నాడు. మిరపకాయల కల్లం వెనక దానికో రేకుల షెడ్డు వేశాడు. దాని వీపు మీద జీను ఎప్పుడు వెయ్యాలన్నదే అప్పట్నుంచీ మా ఊరి పెద్ద సమస్య.

రెండేళ్లు నిండగానే అడిగాను.

"ఒరేయ్ పానకాలూ, బయటికి గుర్రంలా కనపడుద్ది గానీ అది లోపల ఇంకా పసిపిల్లే. మోకాలి దగ్గర ఎముక అతుక్కోవాల. ఇప్పుడు మనిషినెక్కిస్తే జీవితాంతం కుంటుద్ది" అన్నాడు.

మూడేళ్లు నిండాయి. అప్పుడు ఆరు నెలలపాటు దుప్పటి మాత్రమే వేశాడు. తర్వాత జీను చూసి బెదరకూడదని, ఆ జీనుని తన భుజాన మోస్తూ గుర్రం పక్కన బజారంతా నడిచాడు. రోజూ ఆ దృశ్యం చూసి జనం నా కొట్టు దగ్గర ఆగి, "ఇంతకీ గుర్రం బాషా మీద ఎప్పుడెక్కుద్దండీ?" అని అడిగేవారు. బ్యాండు చప్పుడు అలవాటు కావాలని ఫోన్లో డప్పులు పెట్టి దాని చెవి దగ్గర పట్టుకునేవాడు. జాజి ప్రశాంతంగా గడ్డి తినేది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లే బెదిరిపోయారు.

ఆ రోజుల్లోనే పత్తి వ్యాపారం చేసే నజీర్ గారు వచ్చారు. గాలొస్తే ఎగిరిపోయేంత బక్కపలచని మనిషి, పట్టుదల మాత్రం ఉక్కు. వాళ్లబ్బాయి షబ్బీర్‌కి, మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్లే ఖుర్షిదా కూతురు నజ్మీన్‌ని అనుకున్నారు. ఖుర్షిదా భర్త లేని మనిషి. మంచి సంబంధం, చెయ్యి జారకముందే చేసేయాలని ఆమె తొందర.

"మా నాయన పెళ్లికీ, నా పెళ్లికీ మీ ఇంటి గుర్రమే. మావాడికీ అదే కావాల. వచ్చే నెల" అన్నారు నజీర్ గారు.

బాషా షెడ్డులోకెళ్లి జాజి మోకాళ్లు తడిమి వచ్చాడు. "లేతండి. ఆర్నెల్లు ఆగాల."

ఆర్నెల్లకి వచ్చారు. "పళ్లు మారతన్నాయండి. కళ్లెం పెడితే నోరు నొప్పి."

మళ్లీ వచ్చారు. "మోకాళ్లు పర్లేదు గానీ నడుం ఎముక ఆఖర్న ముదురుద్దండి."

"పెళ్లి మావాడికా, నీ గుర్రానికా?" అని నజీర్ గారు కేకలేశారు. వేరే ఊరినుంచి గుర్రాన్ని తెప్పిస్తానని నేనంటే, అది మాత్రం కుదరదన్నారు. రెండేళ్లు ఇలాగే గడిచాయి. ఊళ్లో బాషా పేరెత్తితే నవ్వు. షామియానా వెయ్యాల్సిన నాకు మాత్రం ఏడుపు.

చివరికి మా పశువుల డాక్టరు హెలెన్ గారిని పట్టుకున్నాను. "ఏదన్నా మందుందా అమ్మా, ఆ గుర్రం ముదరడానికి?"

ఆవిడ విచిత్రంగా చూశారు. "నాలుగో ఏడు రాగానే జీను వేసుకోవచ్చని బాషాకి చెప్పానే. ఏడాదినుంచీ రోజూ తెల్లారకముందే పత్తి చేల వెంబడి స్వారీ చేస్తున్నాడు. దానంత బుద్ధిమంతురాలు జిల్లాలో లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా షెడ్డుకెళ్లాను. బాషా జాజికి మాలీషు చేస్తున్నాడు.

"ఏందిరా ఈ నాటకం? నన్నూ నజీర్‌నీ వెర్రివాళ్లని చేశావు గదా."

అతను చెయ్యి ఆపలేదు. "నజ్మీన్‌కి అప్పుడు పదహారురా. ఇంటరన్నా కాలేదు. ఒకరోజు పుస్తకాల సంచీతో ఇక్కడికొచ్చి, 'పెళ్లికి నీ గుర్రం ఎప్పుడొస్తది బాబాయ్?' అనడిగింది. ఆ పిల్ల మొహం చూడలేకపోయా."

"అయితే ఆఫీసర్లకి చెప్పాల్సింది."

"చెబితే పెళ్లి ఆగుద్ది, దాంతోపాటు ఖుర్షిదా పరువూ పోద్ది. సంబంధమూ పోద్ది. గుర్రం కాదంటే ఎవరికీ ఏమీ పోదు. నేనొక పిచ్చోణ్ణని నవ్వుకుంటారు. నవ్వనీ."

మాలీషు గుడ్డ రెండోది తీసుకుని అవతలి పక్క రుద్దడం మొదలుపెట్టాను.

నజ్మీన్‌కి పద్దెనిమిది నిండాయి. ఇంటర్ మంచి మార్కులతో పాసై ఒంగోలులో నర్సింగ్ సీటు తెచ్చుకుంది. అప్పుడు తమాషా జరిగింది. అంత తొందరపడ్డ ఖుర్షిదాయే నజీర్ గారింటికెళ్లి, "మా పిల్ల చదువు అయ్యేదాకా ఆగండి అన్నా" అని అడిగింది. షబ్బీర్ కూడా తను ఆగుతానన్నాడు.

నజీర్ గారు మర్నాడు పొద్దున్నే షెడ్డుకొచ్చి కూలబడ్డారు. నేనూ అక్కడే ఉన్నాను.

"గుర్రం తయారండి" అన్నాడు బాషా మెల్లగా.

"ఇప్పుడు నాకెందుకయ్యా. కొడుకూ కోడలూ తయారుగా లేరు" అన్నారాయన. చాలాసేపు జాజిని చూస్తూ కూర్చున్నారు. "నా పెళ్లిలో మీ గుర్రం దిగబుద్ధి కాలేదు. మావాడు ఎక్కితే చూసుకుందామనుకున్నా."

బాషా జీను బిగించి కళ్లెం పట్టుకున్నాడు. "మీరెక్కండి."

"ఈ వయసులోనా?"

"దానికి మీ బరువు ఒక లెక్కా."

నేను స్టూలు వేశాను. నజీర్ గారు రెండుసార్లు జారి మూడోసారి ఎక్కారు. జాజి తలాడించి, పెళ్లికొడుకుని మోస్తున్నట్టే ఒయ్యారంగా నడిచింది. బజారులో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. నజీర్ గారు మొదట జీనుని గట్టిగా పట్టుకున్నారు. బస్టాండు దాటేసరికి వీపు నిటారుగా పెట్టి, ఎడమా కుడీ జనానికి సలాములు పెట్టడం మొదలుపెట్టారు.

తిరిగొచ్చి దిగాక చొక్కా సర్దుకుని, ఎవరూ వినకుండా బాషా చెవిలో అడిగారు.

"పెళ్లి మూడేళ్లకైనా పర్లేదు గానీ, రేపు పొద్దున దీనికి వేరే పనేమన్నా ఉందా?"