ఆకుపచ్చ టిక్కు

మా అక్కయ్యగారికి ఒకటే జబ్బు. కంటబడ్డ ప్రతి వస్తువునూ పైకెత్తి, "ఇదెవరిది?" అని అడగాలి. జవాబు దొరికేదాకా తను కింద పెట్టదు, మమ్మల్ని కుదురుగా కూర్చోనివ్వదు. అందుకే చాటుగా అందరం ఆవిణ్ణి 'ఎవరిదక్కయ్య' అనేవాళ్ళం. చాటుగా అన్నది ఎవరో కూడా కనుక్కుంది.

విశ్వవిద్యాలయంలో కనిపెట్టినవాటిని వాడుకోడానికి కంపెనీలకు లైసెన్సు ఇచ్చే ఆఫీసు మాది. అక్కడ ఆవిడ పాతికేళ్ళ సీనియరు, అందరికీ అక్కయ్యే; నాది పక్క టేబులు. గొడుగు, నీళ్ళ సీసా మూత, ఒంటి చేతి తొడుగు... దేన్నీ వదల్లేదు. ఒకసారి నేను మా బావమరిది చొక్కా తొడుక్కొచ్చాను. మీటింగులో పదిమంది ముందు, వేళ్ళదాకా జారిన చేతులు చూసి, "తమ్ముడూ, ఈ చొక్కా ఎవరిది?" అంది. ఆ సాయంత్రమే తిరిగిచ్చేశాను.

నా ఆకుపచ్చ ఇంకు పెన్నయితే వారానికోసారి గాల్లోకి లేచేది.

"ఇదెవరిది?"

"నాదే అక్కయ్యా. పోయిన వారమూ నాదే."

"నేనడిగేది ఈ వారం సంగతి."

అలాంటి మనిషి చేతికి, వినికిడి యంత్రాల్లో రొద తగ్గించే సాఫ్ట్‌వేరు ఫైలు వెళ్ళింది. కంపెనీతో శుక్రవారం సంతకాలు. కొత్తగా వచ్చిన డైరెక్టరుగారు ఫొటో కోసం కోటు కూడా కుట్టించుకున్నారు. మంగళవారం నాడు కోడ్ చదువుతూ చదువుతూ అక్కయ్య ఆగిపోయింది.

"ఈ మూడొందల నలభై లైన్లు ఎవరివి?"

ఆ ఫైలుకి ఫారం నింపింది నేనే. మా ఫారంలో 'బయటివాళ్ళ కోడ్ ఉందా?' అని ఒక ప్రశ్న ఉంటుంది. ల్యాబువాళ్ళనడిగి నేను టిక్కు పెట్టాలి. అది నింపిన రోజు క్యాంటీను మూసేసే వేళయింది. ఎవర్నీ అడక్కుండానే 'లేదు' మీద టిక్కు పెట్టి పరిగెత్తాను. ఫారాల్లో తప్పు చేసినవాళ్ళ ఉద్యోగం ఊడుతుందని డైరెక్టరుగారు వచ్చిన రోజే హెచ్చరించారు.

బయటి కోడ్ ఉండనే ఉంది. ఎవరో పైన తన పేరు రాసి, ఓపెన్ సోర్సుగా అందరికోసం పెట్టింది. ఉచితమే గాని షరతుంది: దీన్ని కలిపి చేసిన సాఫ్ట్‌వేరు ఇంకొకరికి ఇస్తే, దాని కోడ్ మొత్తం తెరిచి ఇవ్వాలి. కంపెనీకేమో తాళం వేసిన కోడే కావాలి.

"పైనున్న ఆ పేరు చెరిపేయండి మేడమ్. ఎవరు చూస్తారు?" అన్నారు డైరెక్టరుగారు.

"నేను చూశాను కదండీ!"

"శుక్రవారం సంతకం పెట్టాలి."

"పెట్టను."

"పైవాళ్ళకి చెప్పాల్సొస్తుంది."

"చెప్పండి. వాళ్ళనీ అడుగుతాను, ఎవరిదని."

ఆ రోజే ఆ పేరుగల మనిషిని వెతికి ఉత్తరం రాసింది. ఆయనొక రిటైరైన రేడియో మెకానిక్. గురువారం జవాబొచ్చింది: "నా కోడ్ అందరికీ ఎప్పట్లాగే ఉంటుంది. మీ కంపెనీకి విడిగా అనుమతిస్తాను. నా పేరు మాత్రం ఉంచండి. ఇది ఎవరిదని ఇన్నేళ్ళలో అడిగింది మీరొక్కరే."

శుక్రవారం సంతకాలయ్యాయి, ఫొటో అయింది. కంపెనీవాళ్ళు వెళ్ళగానే డైరెక్టరుగారు కోటు విప్పి తలుపు దగ్గరి కుర్చీకి తగిలించి, ఫారం పైకెత్తారు.

"ఇప్పుడు చెప్పండి. ఈ ఆకుపచ్చ టిక్కు ఎవరిది?"

నా పెన్ను అక్కయ్య టేబులు మీదే పడుంది. ఒప్పేసుకుందామని నోరు తెరిచాను. టేబులు కింద నా కాలు ఎవరో గట్టిగా తొక్కారు. ఎవరో అడగనక్కర్లేదు.

"ఆ ప్రశ్న నాదండీ," అంది అక్కయ్య. "దాన్ని వాడుకోడానికి మీకు నేను లైసెన్సివ్వలేదు."

"మేడమ్!"

"కింద 'పరిశీలించినవారు' అని సంతకం ఎవరిదో చూడండి. నాది. టిక్కూ నాదేనని రాసుకోండి. నన్ను తీసేస్తారా? తీసేయండి. రేపట్నుంచి ఈ ఫైళ్ళు మీరే చదువుకోండి."

డైరెక్టరుగారు ఆవిడ వెనక గోడెత్తు ఫైళ్ళను చూశారు. దగ్గారు. ఫారం కింద పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

అక్కయ్య నా పెన్ను చేతిలోకి తీసుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. ప్రశ్న రాలేదు. నా జేబులో ఏదో గుచ్చుకుంది.

"నీలం ఇంకు కొనుక్కో తమ్ముడూ," అంది గుసగుసగా.

తర్వాత తలుపు దగ్గరికి నడిచి, కుర్చీకి వేలాడుతున్న కొత్త కోటును రెండు వేళ్ళతో పైకెత్తి, ఆఫీసంతా దద్దరిల్లేలా అరిచింది:

"ఇదెవరిది?"