తాగనివాళ్ళకు తెరిచిన పబ్బు

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఆదివారం కూడిక పాతబస్తీ సందులో ఉన్న ఒక పబ్బు వెనక గదిలో జరిగేది. ఇంటి దగ్గర మా అమ్మకు ఈ సంగతి తెలిస్తే అన్నం మానేసేది. అందుకని ఫోన్లో ఎవరు అడిగినా అందరం "ఒక హాల్లోనండీ" అని ఊరుకునేవాళ్ళం.

అంతకుముందు చూసిన హాళ్ళవాళ్ళు మా డోలక్ మోత వినగానే దండం పెట్టి పంపేశారు. పబ్బు నడిపే పెద్దావిడ ఒక్కతే, "మా తాగుబోతుల పాటల కన్నా మీ పాటలే నయం" అని గది ఇచ్చింది. భర్త పోయాక పబ్బంతా ఆవిడే చూసుకునేది, మేడమీద రెండు గదుల్లో ఉండేది. మా పిల్లలు ఆవిడను ఓమా అనేవారు, అంటే ఇక్కడి భాషలో నాయనమ్మ. పెద్దవాళ్ళం మేమూ అదే పిలుపు అందుకున్నాం.

ఆ గది గోడలనిండా దుప్పి కొమ్ములు, బీరు బొమ్మల అద్దాలు. మా సంఘ పెద్ద వాటిమీద ఒక తెల్ల దుప్పటి కట్టించేవారు. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు, బాపట్ల వైపు మనిషి. చాలా మంచివారు, ఆ మంచితనం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. కొన్నాళ్ళకు ఓమా తనే దుప్పటి ఉతికి, ఇస్త్రీ చేసి, మేం వెళ్ళేసరికి కట్టి ఉంచడం మొదలుపెట్టింది. తన పబ్బు మాకెందుకు సిగ్గో ఒక్కసారి కూడా అడగలేదు.

కరోనా వచ్చిన ఏడాది చలికాలంలో పబ్బులు రెండోసారి మూతపడ్డాయి. ప్రార్థనలను మాత్రం ప్రభుత్వం ఆపలేదు. మాస్కులు పెట్టుకోవాలి, ఎడంగా కూర్చోవాలి, పాటలు పాడకూడదు. ఎడంగా కూర్చోవడానికి వెనక గది చాలక ఓమా మమ్మల్ని ముందు హాల్లోకి పిలిచింది. అలా తాగేవాళ్ళు అడుగు పెట్టకూడని పబ్బులో తాగనివాళ్ళం దర్జాగా కూర్చున్నాం. ఓమా బార్ వెనక నిలబడి, ఎవరూ తాగని గ్లాసులు తుడుస్తూ వాక్యం వినేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఆ హాల్లో పొయ్యి పక్కన ఒక గుండ్రటి బల్ల ఉండేది. ఇక్కడి పబ్బుల్లో రోజూ వచ్చే పాతకాపులకు అలాంటి బల్ల ఒకటి ఉంటుంది, దాని దగ్గర వేరేవాళ్ళు కూర్చోరు. ఒక ఆదివారం ఆ బల్ల తాలూకు ముసలాయన తలుపు తోసి లోపలికి తొంగిచూశాడు.

"తెరిచావా?" అన్నాడు ఓమాతో.

"ప్రార్థనకి మాత్రమే."

"అయితే ప్రార్థనే చేస్తా" అని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం మిగతా ముగ్గురూ దిగారు. రైల్వేలో, ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన మనుషులు. మాస్కులు పెట్టుకుని, కుర్చీలు ఎడంగా జరుపుకుని, గంటసేపు తెలుగు వాక్యం నోరెత్తకుండా విన్నారు. ఇళ్ళలో మాట్లాడే దిక్కు లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి వాళ్ళకు మిగిలింది మా కూడిక ఒక్కటే.

"అక్కా, గా ముసలాయన ఆమెన్ అన్నడు, విన్నవా?" అన్నాడు వరంగల్ నుంచి చదువుకోవడానికొచ్చిన కుర్రాడు, నవ్వాపుకోలేక.

మా సంఘ పెద్ద మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. జర్మన్లు రక్షణలోకి వస్తున్నారని ఆయన నమ్మకం. వీడియో కాల్లో ఇంటి దగ్గరి సంఘానికి సాక్ష్యం చెప్పారు. అక్కడివాళ్ళంతా స్తోత్రం స్తోత్రం అన్నారు.

నేను ఉండబట్టలేక అనేశాను. "బ్రదర్, వాళ్ళొచ్చింది దేవుడి కోసం కాదండీ, ఆ బల్ల కోసం."

"ఎందుకొచ్చినా పంపింది ఆయనే కదమ్మా."



ఆ రోజుల్లోనే ఓమా నన్ను పక్కకు పిలిచింది. మా అందరిలో జర్మన్ ధారాళంగా వచ్చేది నాకే. ఆ భవనం ఒక బీరు కంపెనీది. మూతపడ్డ పబ్బు మాకెందుకని వాళ్ళు గొణుగుతున్నారట. "మీరు దేన్ని గురించైనా అంత గట్టిగా అడుగుతారు కదా. నా పబ్బు నాకు ఉండేలా దేవుణ్ణి అడగమని మీ పెద్దతో చెప్పు" అంది. నేను ఆ మాట సంఘ పెద్దకు చేరవేశాను.

"సారా కొట్టు వర్ధిల్లాలని సంఘం ఎలా ప్రార్థిస్తుంది, సిస్టర్? మీరే చెప్పండి."

ఆ ఆదివారం ఆయన ఓమా ఆరోగ్యం కోసం, ఆవిడ ఆత్మ రక్షణ పొందాలని కన్నీళ్ళతో ప్రార్థించారు. అయిపోగానే ఓమా నా దగ్గరికొచ్చి, "అడిగాడా?" అంది.

"మీ ఆరోగ్యం బాగుండాలని అడిగారు."

"నా ఆరోగ్యానికేం? బాగానే ఉంది" అని మళ్ళీ గ్లాసులు తుడవడానికి వెళ్ళింది.

ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. మా ఊళ్ళో సారా వ్యతిరేక ఉద్యమం జరిగినప్పుడు మా అమ్మ ముందు వరసలో ఉంది. ఆడవాళ్ళంతా సారా కుండలు వీధిలో పగలగొడుతుంటే అమ్మ చంకలో నేనున్నానట. తాగుడు మా ఇంటిని ఏం చేసిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటిది, గడువు దాటిన బీరు పీపాలు ఖాళీ చెయ్యడానికి సాయం రమ్మని ఓమా అడిగితే, ఒక శనివారం పొద్దున్న వెళ్ళాను. ఇద్దరం నేలమాళిగలో నిలబడి ఒక్కో పీపా తూములోకి వదిలాం. మా అమ్మ చూస్తే సంబరపడేది. నేను మాత్రం ఓమా మొహం చూడలేక తూము వైపే చూస్తూ నిలబడ్డాను. ఓమా ఏడవలేదు, పీపా పీపాకూ నురుగు చూసి "ఇది మంచి బీరు" అంటూనే ఉంది.

మర్నాడు కూడికలో ప్రార్థన విన్నపాలు చెప్పమన్నప్పుడు లేచి నిలబడి ఆ ప్రార్థన నేనే చేశాను. "ప్రభువా, ఈ పబ్బును నిలబెట్టు. ఈవిడకు వేరే బతుకు లేదు" అన్నాను. వరంగల్ కుర్రాడు ఒక్కడూ ఆమెన్ అని బూట్ల వైపు చూసుకున్నాడు. కూడిక అయ్యాక మా ఆయన నాకోసం ఆగకుండా ఇంటికి నడిచాడు.

దేవుడు విన్నాడో లేదో గాని, వీధిలో ఎవరో చూశారు. మూసిన పబ్బులోకి ముసలాళ్ళు వెళ్తున్నారని ఫిర్యాదు చేశారు. రెండు వారాలకు వాక్యం మధ్యలో అధికారులు ఇద్దరు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. గుండ్రటి బల్ల చూపించి, వీళ్ళు మీ సంఘంవాళ్ళేనా అని అడిగారు.

"అవును, కొత్త విశ్వాసులు" అన్నారు మా పెద్ద, గర్వంగా.

అధికారి మొదటి ఆదివారం వచ్చిన ముసలాయన వైపు తిరిగి, ఇక్కడ ఏం చెబుతున్నారని అడిగాడు.

"నాకేం తెలుసు? ఒక్క మాట అర్థం కాదు. ఇది నా కుర్చీ" అన్నాడాయన.

అబద్ధమాడే మనిషైతే బాగుండేది. తాగడానికి పోసింది ఏమీ లేదని నేను ఎంత చెప్పినా, మూసి ఉంచాల్సిన చోట ఇలా జనం చేరడం కుదరదన్నారు. కూడిక ఆ రోజుతో ఆగిపోయింది. బీరు కంపెనీకి కావలసిన సాకు అదే. వసంతంలో పబ్బులు మళ్ళీ తెరుస్తారనగా మనిషిని పంపి ఇల్లు ఖాళీ చెయ్యమంది. ఓమా ఊరి చివర వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఒక గదిలోకి మారింది. ముసలాళ్ళు ఏమయ్యారో తెలియదు. ఒకాయన పోయాడని మాత్రం విన్నాం.

వేసవికి మాకు వేరే హాలు దొరికింది. తెల్లటి గోడలు, శుభ్రమైన కుర్చీలు, దాచిపెట్టాల్సిన బొమ్మ ఒక్కటీ లేదు. అందరూ దేవుడి కృప అన్నారు. నేను ఫోన్ చేసి రమ్మంటే ఓమా బస్సెక్కి వచ్చింది. మంచి గౌను వేసుకుంది. సంఘ పెద్ద ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు.

కూడిక అయ్యాక టీ ఇచ్చారు. ఓమా లేచి ఖాళీ కప్పులు ఒకదానిలో ఒకటి పెట్టి తీయబోయింది. ఒక సిస్టర్ పరుగున వచ్చి, "అయ్యో, మీరెందుకండీ" అని చేతిలోంచి లాక్కుంది. బల్ల తుడవబోతే ఇంకొకామె గుడ్డ తీసుకుంది. ఓమా హాలు మధ్యలో చేతులు వేలాడేసుకుని నిలబడింది. చివరికి నా దగ్గరికొచ్చి, "ఇక్కడ నేనేం చెయ్యాలి?" అంది.

ఆ మాట సంఘ పెద్దకు తెలుగులో చెప్పాను. ఆయన ఎంతో ప్రేమగా నవ్వారు.

"ఏమీ చెయ్యక్కర్లేదమ్మా. హాయిగా కూర్చుంటే చాలని చెప్పండి."

ఓమా నా మొహం వైపు చూస్తోంది. ఆవిడకు అంతకంటే ఘోరమైన మాట ఇంకొకటి ఉండదని నాకు తెలుసు. అయినా దాన్ని నా నోటితోనే జర్మన్‌లో చెప్పాను. ఓమా తల ఊపి, చేతిసంచి తీసుకుని, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.