కొత్త బ్రేకు ప్యాడ్లు, అవ్వ మీద ఒట్టు

నాకు ఓపిక లేదు. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, కరీంనగర్‌లో నా దగ్గర కారు నేర్చుకున్న ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే. వారమంతా వాళ్లకు నిదానం, నిదానం అని చెప్పి చెప్పి, పోటీలొస్తే నా ఎర్ర స్పోర్ట్స్ కారేసుకుని ట్రాక్ మీదికి పోతాను. సరదాకి నడిపేవాళ్ల పోటీలే, కప్పు తప్ప ఇంకేం రాదు. అయినా ఆ రోజు కోసం ఏడాదంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను.

పోయినేడాది నాలుగో రౌండులో బ్రేకు తొక్కితే పెడల్ నేల దాకా పోయింది. కారు మలుపు దాటి, అడ్డంగా పేర్చిన టైర్లకు గుద్దుకుని ఆగింది. నాకు దెబ్బలేం తగల్లేదు. కానీ ఎవరో పుణ్యాత్ముడు మా అవ్వకు ఆ వీడియో చూపించాడు. అవ్వది బోథ్ దగ్గరి పల్లె, పట్టు పడితే పట్టే. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆమె చేత ఒక ముద్ద తినిపించడానికి, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

"ఇంకొక్కపారి బ్రేకు పట్టకపోతే కారు అమ్మేస్త అవ్వా."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆ కారు లేకపోతే నేనేమైపోతానో అని నిజంగా భయమేసింది.

అందుకే ఈసారి పెద్ద డిస్కులు, పెద్ద క్యాలిపర్లు వేయిద్దామనుకున్నాను. పోటీ రూల్సు కాగితం ఒప్పుకోలేదు. మా క్లాసు బండ్లకు చక్రంతో పాటు తిరిగే డిస్కులూ, వాటిని పట్టే క్యాలిపర్లూ కంపెనీవే ఉండాలి. డిస్కును నొక్కి ఆపే ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, గొట్టాలు మాత్రం మార్చుకోవచ్చు. అంతకు మించితే పై క్లాసుకు పోవాలి, అక్కడివన్నీ నా కారుకు రెట్టింపు బలమున్న బండ్లు. కాగితం తీసి చాచా షెడ్డులో విసిరికొట్టాను. చాచా అంటే మా బాపు జీపు కాలం నుంచీ మా ఇంటి బండ్లన్నీ చూసే మెకానిక్. ఆయన కాగితం దులిపి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. రూలు మంచిదే, నీ డిస్కులకేం రోగం లేదు, ఆయిలు మరుగుతోంది, ప్యాడ్లు మాడుతున్నాయి, అంతే అన్నాడు.

వేడికి తట్టుకునే ప్యాడ్లు రావడానికే నెల పట్టింది. అవి వేసి, మంచి ఆయిలు పోసి, స్టీలు అల్లిక గొట్టాలు బిగించడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పూటకు రెండుసార్లు షెడ్డుకు పోయి ఆయన ప్రాణం తీశాను. చివరికి డిస్కులను స్పిరిట్‌తో తుడిచి, నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద ఎనభైలో పోతూ ఇరవైకి తగ్గేదాకా తొక్కాలి, పూర్తిగా ఆపొద్దు, అట్లా పదిహేను సార్లు. అప్పటిదాకా బ్రేకును నమ్మొద్దు. డిస్కుకు నూనె చెయ్యి తగలనియ్యొద్దు.

పోటీకి ఇంకా నాలుగు రోజులుంది. తెల్లారి బయల్దేరుతుంటే అవ్వ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. కొండగట్టు అంజన్నకు చూపించకుండా కొత్త బ్రేకులు ఎట్లా వాడతావంది. మా వైపు బండి కొన్నా, బాగుచేయించినా మొదలు గుట్టకే పోతుంది. సరే అని పోతే అక్కడ బండ్ల వరుస. నాకు ఒళ్లు మండిపోతోంది. నిమ్మకాయలు పెట్టడం, కొబ్బరికాయ కొట్టడం అయ్యాక, అవ్వ ఒక్కో టైరు దగ్గర వంగి, దండం పెట్టి, తీరిగ్గా సిందూరం పెడుతోంది. వెనక బండ్లవాళ్లు హారన్లు. జరుగు అవ్వా అని ఆమె చేతిలోని సిందూరం దొప్ప లాక్కున్నాను. ముందు చక్రం ఊచల మధ్య నుంచి కొత్తగా మెరుస్తున్న డిస్కు కనబడింది. రెండు వేళ్లు లోపలికి దూర్చి కుడి డిస్కుకు దండిగా పెట్టాను, ఎడమదానికి కొంచెం. మంచిగ పెట్టినవ్ అని అవ్వ మురిసిపోయింది.

గుట్ట దిగేటప్పుడే బ్రేకు మెత్తగా ఉన్నట్టనిపించింది. కొత్తవి కదా అనుకున్నాను. గంగాధర ఊరి దగ్గర తిరిగి చొప్పదండి రోడ్డెక్కి, ఎనభైకి పోయి తొక్కాను. మూడోసారి తొక్కినప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు కారు ఎడమకు పోయి, మక్కజొన్న చేను ఒడ్డున ఆగింది. మాడిన నూనె వాసన. అవ్వ రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుని ఉంది. ఒట్టు గుర్తొచ్చింది, నెత్తురు నెత్తికెక్కింది. చాచాకు ఫోన్ చేశాను. ఆయన ఏదో అడగబోయాడు, నేను అడగనిస్తేగా.

"నకిలీ ప్యాడ్లు అంటగట్టినవ్ చాచా. మా అవ్వను చంపుతుంటివి."

ఎక్కడున్నామో చెప్పి ఫోన్ పెట్టేశాను. గంటలో స్కూటర్ మీద వచ్చాడు. వచ్చీ రాగానే జాకీ ఎక్కించి, కుడి చక్రం విప్పి, డిస్కు మీద వేలితో రాసి వాసన చూశాడు. వేలు నా ముందు పెట్టాడు. నల్లగా మాడిన దాంట్లో అంచున ఎర్రగా ఉంది. నూనెలో కలిపిన సిందూరం. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, అది నూనె అని ఒక్కసారీ తోచలేదు.

నాకంటే ముందు అవ్వ అందుకుంది. గుట్టకాడ ఆగుమన్నది తనే, తప్పంతా తనదే అంది. అబద్ధమెందుకు, ఊరుకుంటే తప్పు అవ్వ మీదికి పోయి నాకు కారు దక్కుతుందని ఆలోచించాను. అవ్వ కళ్లు తుడుచుకోవడం చూశాక నావల్ల కాలేదు.

"అవ్వ టైర్లకే పెట్టింది చాచా. డిస్కుకు పెట్టింది నేను. నీ ప్యాడ్లు మంచియే. నేనన్నదే తప్పు." ఏడుపొచ్చింది.

"ఫోన్ల గదే అడుగుదామనుకున్న బిడ్డా, గుట్టకాడ ఆగినరా అని," అన్నాడు. "నువ్ పెట్టేస్తివి."

స్కూటర్ డిక్కీ తెరిచాడు. నా పాత ప్యాడ్లు, పాత పేపర్లో చుట్టి ఉన్నాయి. అంత మాట అనిపించుకుని కూడా, సంగతి ఊహించి వెతికి తెచ్చాడు. నూనె తాగిన ప్యాడ్లు ఇక పనికిరావు, వేరేవి నాలుగు రోజుల్లో రావు. డిస్కులు స్పిరిట్‌తో కడిగి పాతవి బిగించాడు. ఇల్లు చేరడానికి చాలు, పోటీకి వద్దు అన్నాడు. సరేనన్నాను. ఏడాది ఎదురుచూపంతా అక్కడే, ఆ మక్క చేను ఒడ్డున పోయింది.

అవ్వ లేచి కొంగు దులుపుకుంది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. కారు ఉంచుకో," అంది.

చాచా స్కూటర్ నలభై దాటదు. దాని వెనకే కరీంనగర్ దాకా వచ్చాను. ఒక్కసారీ హారన్ కొట్టలేదు.